అమరావతి రాళ్ల వెంట వెళ్లాలంటే: డిగ్రీ లెక్చరర్లు ప్రయాణ గ్రాంటు తెచ్చుకునే దారి

మీరు డిగ్రీ కాలేజీలో చరిత్రో, తెలుగో, తత్వశాస్త్రమో చెబుతున్నారనుకుందాం. సిలబస్‌లో అమరావతి ఉంది, హంపి ఉంది, తంజావూరు నాయక రాజులున్నారు. వాటిలో సగం మనమే చూసి ఉండం. చూడాలని ఉంటుంది, కానీ జీతంలోంచి పెట్టుకుని వెళ్దామంటే పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ ముందుకొస్తాయి. వెళ్లినా కుటుంబంతో వెళ్లి, గంటలో చుట్టేసి, నాలుగు ఫోటోలు దిగి రావడమే అవుతుంది. పని మీద వెళ్లి నాలుగు రోజులు అక్కడే కూర్చుని చూడటానికి డబ్బిచ్చే సంస్థలున్నాయని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో ఎక్కువమంది దరఖాస్తు దాకా పోరు. పోయినవాళ్లు చాలావరకు నేను మొదటిసారి చేసిన తప్పే చేస్తారు. ఇది రాయడం అందుకే.

మొదట నేను పంపిన దరఖాస్తు పేరు “ఆంధ్రదేశంలోని బౌద్ధ క్షేత్రాల సందర్శన”. అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు, ఘంటసాల, గుంటుపల్లి, నేలకొండపల్లి, శాలిహుండం, తొట్లకొండ, బావికొండ. తొమ్మిది చోట్లు, పది రోజులు. ఎంతో శ్రద్ధగా మ్యాపు కూడా గీసి జత చేశాను. నాలుగు నెలల తర్వాత ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది: ప్రయాణ ఉద్దేశం స్పష్టంగా లేదు. ఆ రోజు చాలా బాధేసింది. ఇప్పుడు ఆ కాగితం తీసి చదివితే వాళ్లన్నది నిజమేననిపిస్తుంది. ఎక్కడికి వెళ్తానో రాశాను, ఎందుకు వెళ్తానో రాయలేదు. వెళ్లకపోతే ఏది తెలియకుండా పోతుందో అసలే రాయలేదు.

ముందు ప్రశ్న, తర్వాతే ఊరు

రెండో దరఖాస్తుకు దారి చూపించింది ఫస్టియర్ చదువుతున్న ఒక అమ్మాయి. శాతవాహనుల పాఠం నడుస్తుంటే లేచి అడిగింది: “మేడమ్, మేం అమరావతి వెళ్లాం. అక్కడ గడ్డి మొలిచిన దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు, అంతే. పుస్తకంలో అన్ని బొమ్మలున్న స్తూపం ఏది మరి?”

నా దగ్గర జవాబుంది, కానీ అది పుస్తకంలో చదివిన జవాబు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడు, ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకునే ఆ దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్లాడు, 1816లో మళ్లీ వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి, అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి, 1859లో 120కి పైగా రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికిన వాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కొన్ని అమరావతిలోనే, స్తూపం పక్కనున్న మ్యూజియంలో మిగిలాయి. ఇదంతా క్లాసులో చెప్పాను. ఆ అమ్మాయి వింది, తలూపింది, కానీ ఆ మొహం చూస్తే స్తూపం ఆమె కళ్ల ముందుకు రాలేదని తెలిసిపోయింది. వచ్చేదెలా? నా కళ్ల ముందే లేదు.

దాంతో తొమ్మిది ఊళ్ల జాబితా కొట్టేసి అమరావతి, చెన్నై రెండే పెట్టాను. ప్రశ్న ఒక్కటే రాశాను: ముక్కలై వేర్వేరు ఊళ్లలో ఉన్న ఒక కట్టడాన్ని విద్యార్థికి మళ్లీ ఒక్కటిగా చూపించడం ఎలా? అది కూడా మొత్తం స్తూపం కాదు, చుట్టూ ఉన్న ప్రాకారం వరకే. నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా దూర్చిన సూచులు, పైన కప్పిన ఉష్ణీషం, వీటిలో ఏవి అమరావతిలో ఉన్నాయి, ఏవి చెన్నైలో ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి పెడితే నడిచే మనిషికి ఏం కనిపించేది. ఐదు రోజులు అడిగాను. గ్రాంటు వచ్చింది.

మీ ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది, కాస్త కఠినమైనదే. ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఫోటోలు చూస్తే జవాబు దొరుకుతుందా? దొరికితే అది ప్రయాణానికి సరిపడే ప్రశ్న కాదు. ఇప్పుడు దరఖాస్తు చదివే ప్రతి ప్రొఫెసర్‌కూ ముందు వచ్చే అనుమానం ఇదే. మెకంజీ గీయించిన అమరావతి బొమ్మల సంపుటి బ్రిటిష్ లైబ్రరీది, దాన్ని డిజిటైజ్ చేశారు. బ్రిటిష్ మ్యూజియం పలకల ఫోటోలు వాళ్ల సైట్‌లోనే ఉన్నాయి. మరి ఎందుకు వెళ్లడం? ఈ మాట వాళ్లు అడగకముందే మీరే ఎత్తుకుని జవాబు రాయాలి.

జవాబు ఎలా ఉండాలో చెప్పడానికి ఒక్క రాయి చాలు. లండన్‌లో ఉన్న అమరావతి పలకల్లో ఒకటి రెండు వైపులా చెక్కి ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం నాటి పని: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కే మనుషులు, బుద్ధుడి రూపం ఎక్కడా ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత, మూడో శతాబ్దంలో, ఎవరో శిల్పి అదే రాయిని వెనక్కి తిప్పి, వెనక వైపున స్తూపం బొమ్మ చెక్కాడు, నిండా అలంకారాలతో, ద్వారం దగ్గర నిలబడ్డ బుద్ధుడితో. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే రెండు రాళ్లనుకుంటాం. చుట్టూ తిరిగి చూస్తేనే అది ఒకే రాయని, పాత పనిని వెనక్కి పెట్టి కొత్త పనికి వాడుకున్నారని తెలుస్తుంది. “బుద్ధుణ్ని గుర్తులతో చూపడం నుంచి మనిషి రూపంలో చూపడం దాకా వచ్చిన మార్పు” అని మనం బోర్డు మీద రాసే వాక్యం, అర అడుగు కూడా లేని ఆ రాతి మందంలో ఉంది. దరఖాస్తులో ఇలాంటి ఒక్క వస్తువు పేరు పెట్టి, దాని ముందు నిలబడి మీరు ఏం చూడాలనుకుంటున్నారో రాస్తే చాలు. పది క్షేత్రాల జాబితా కన్నా దానికే బలం ఎక్కువ.

డబ్బు ఎవరిస్తారు

“హ్యుమానిటీస్ టీచర్ల ప్రయాణ గ్రాంటు” అని బోర్డు పెట్టుకున్న కౌంటర్ మన దగ్గర ఒక్కచోట లేదు. మీ సబ్జెక్టును బట్టి, మీరు పీహెచ్‌డీలో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి తలుపు మారుతుంది.

చరిత్ర వాళ్లకు మొదటి తలుపు భారత చారిత్రక పరిశోధన మండలి, అందరూ ఐసీహెచ్ఆర్ అనే సంస్థ. 1972లో పెట్టారు, ఆఫీసు ఢిల్లీలో, దక్షిణాదికి బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు స్టడీ కమ్ ట్రావెల్ గ్రాంటు ఉంటుంది, అంటే ఆర్కైవ్‌లు, మ్యూజియంలు, స్థలాలు చూడటానికి అయ్యే ఖర్చు. మనలో చాలామంది ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో ఉంటారు కాబట్టి ఇది మనకు బాగా పనికొచ్చేది. పీహెచ్‌డీ అయిపోయినవాళ్లు రీసెర్చ్ ప్రాజెక్టు రూపంలో అడగొచ్చు, అందులో ప్రయాణం ఒక పద్దుగా ఉంటుంది.

పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఆంత్రపాలజీ వైపు వాళ్లకు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్. 1969 నాటిది, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. ఢిల్లీకి మెయిల్ పెట్టి ఎదురుచూసే ముందు అక్కడికి ఒకసారి స్వయంగా వెళ్లి మాట్లాడటం మంచిది. ఫిలాసఫీ వాళ్లకు భారత తత్వశాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీపీఆర్ ఉంది.

తెలుగు లెక్చరర్లు చాలామంది కథలు, కవిత్వం రాస్తారు. వాళ్లకు సాహిత్య అకాడెమీ ప్రయాణ గ్రాంటు ఉంది, రచయితలు మరో భాషా ప్రాంతానికి వెళ్లి అక్కడి రచయితల్ని కలిసి రావడానికి ఇస్తారు. మీ పుస్తకాలు ఒకటో రెండో వచ్చి ఉంటే తప్పకుండా ప్రయత్నించండి.

నాకు మనసులో అన్నిటికన్నా ఇష్టమైనది, మనవాళ్లు అన్నిటికన్నా తక్కువ వాడుకునేది సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ. 1888లో వైస్రాయి కోసం కట్టిన భవనం అది, 1945 సిమ్లా సమావేశం జరిగింది అక్కడే. దాన్ని చదువుల చోటుగా మార్చాలన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆలోచన, 1965లో ప్రారంభించిందీ ఆయనే. అక్కడ హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ టీచర్లకు అసోసియేట్‌షిప్ ఉంది. కాలేజీ టీచర్లు కూడా అర్హులే, యూనివర్సిటీ వాళ్లకు మాత్రమే కాదు. మూడేళ్ల పాటు ఏడాదికి ఒక నెల వెళ్లి, అక్కడి లైబ్రరీలో కూర్చుని మీ పని చేసుకోవచ్చు, ఒక సెమినార్‌లో మాట్లాడాలి. వేసవి సెలవుల్లో ఒక నెల దొరకడం మన టీచర్లకు కష్టం కాదు. ఇలాంటి చోటికి జిల్లాల్లోని డిగ్రీ కాలేజీల నుంచి ఎక్కువమంది వెళ్లాలని నా కోరిక.

విదేశం విషయానికొస్తే, ఐసీహెచ్ఆర్‌కు విదేశీ ప్రయాణ గ్రాంటు ఉంది. అమెరికా వెళ్లాలంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లు, అవి నెలల లెక్కన ఉంటాయి, పోటీ చాలా ఎక్కువ. 1981లో మొదలైన చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ బ్రిటన్‌లో ఆర్కైవ్‌లు, మ్యూజియంలు చూడటానికి భారతీయ పరిశోధకులకు చిన్న గ్రాంట్లు ఇస్తూ వచ్చింది, ఈ ఏడాది పిలుపు ఉందో లేదో ముందు వాళ్ల సైట్‌లో చూసుకోండి. అమరావతి మీద పని చేసేవాళ్లకు లండన్ ఊరికే విదేశం కాదు, స్తూపంలో ఒక భాగం అక్కడుంది. అయినా ముందు అమరావతి, తర్వాత చెన్నై, ఆ రెండింటి మీద ఏదైనా రాసి అచ్చయ్యాకే లండన్ అడగండి. ఇక్కడున్నది చూడకుండా అక్కడిది అడిగితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఇంకో మాట. మొదటి దరఖాస్తుకు ముందు ఏ గ్రాంటూ అక్కర్లేని ప్రయాణం ఒకటి చేసి ఉండండి. ఉదాహరణకు కరీంనగర్ నుంచి బస్సెక్కి గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టకు వెళ్లిరావచ్చు. కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం ఆ గుట్ట రాతి మీద ఉంది, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. నన్నయకు ముందే కందం ఇంత పట్టుగా నడిచిందని క్లాసులో చెప్పే తెలుగు లెక్చరర్ ఒక ఆదివారం ఆ గుట్ట ఎక్కి, దాని మీద రెండు పేజీలు రాసి, ఆ రెండు పేజీలు దరఖాస్తుకు జతచేస్తే, “ఈ మనిషి వెళ్తే పని చేసుకుని వస్తారు” అన్న నమ్మకం ఎదుటివాళ్లకు కలుగుతుంది.

దరఖాస్తు రాయడం

ఫారం నింపడం తేలికే, స్టేట్‌మెంట్ దగ్గరే ఆగిపోతాం. నా మొదటి దాంట్లో మొదటి వాక్యాలు ఇవి: “ఆంధ్రదేశం బౌద్ధానికి పుట్టినిల్లు వంటిది. ఈ మహోన్నత సంస్కృతిని నేటి యువతకు అందించవలసిన బాధ్యత ఉపాధ్యాయులపై ఉన్నది.” ఇవి ఎవరైనా రాయగలిగే మాటలు, ఏ ఊరికైనా అతికించొచ్చు. రెండోసారి ఇలా మొదలుపెట్టాను: “నేను ఏటా ఇద్దరు ముగ్గురు కాదు, దాదాపు నూట ఇరవై మంది విద్యార్థులకు అమరావతి స్తూపం గురించి చెబుతాను. ఆ స్తూపం ప్రాకారాన్ని నేను ఎప్పుడూ ఒక్కటిగా చూడలేదు, ఎందుకంటే అది ఇప్పుడు ఒక్కటిగా లేదు. అమరావతి మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరులో ఉన్న స్తంభాలనూ సూచులనూ కొలిచి, ఒక వరుసలో పేర్చిన బొమ్మ తయారు చేయడం ఈ ప్రయాణం ఉద్దేశం.”

తేడా మీకే తెలుస్తోంది కదా. ఎంతమంది విద్యార్థులు, ఏ పాఠం, ఏ వస్తువులు, వచ్చాక చేతిలో ఏముంటుంది. ఈ నాలుగూ మొదటి పేరాలోనే వచ్చేయాలి. చదివేవాళ్ల దగ్గర ఇలాంటివి కట్టలు కట్టలుగా ఉంటాయి, రెండో పేజీ దాకా ఓపిక ఉంటుందని అనుకోవద్దు.

“చేతిలో ఏముంటుంది” అన్నదాన్ని పెద్దగా చెప్పకండి. పుస్తకం రాస్తాను, అంతర్జాతీయ సెమినార్ పెడతాను అని రాసి తర్వాత చేయలేక టెన్షన్ పడటం కన్నా, నాలుగు క్లాసుల పాఠం, నలభై ఫోటోలకు తెలుగులో వివరణ, ఒక వ్యాసం అని రాస్తే నమ్మకంగా ఉంటుంది. తెలుగులో తయారుచేస్తామని రాయడం మనకు బలం. మన డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు, ఈ శిల్పాల మీద మంచి వివరణలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి.

రోజువారీ ప్రణాళిక తప్పకుండా పెట్టండి, అందులో సెలవు రోజులు చూసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ప్లాన్ చదివేవాళ్లకు మీరు హోంవర్క్ చేశారో లేదో ఇక్కడే దొరికిపోతుంది. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియంలకు శుక్రవారం సెలవు, ఎగ్మూరుకూ శుక్రవారమే, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్‌కూ శుక్రవారమే. అజంతా సోమవారం మూస్తారు, ఎల్లోరా మంగళవారం. నాగార్జునకొండ మ్యూజియం దీవి మీద ఉంది కాబట్టి లాంచీ నడిస్తేనే చేరతారు, గాలి, నీటిమట్టం బాగాలేని రోజున లాంచీ ఆగితే ఆ రోజు పోయినట్టే. దానికి ఒక రోజు అదనంగా పెట్టుకుని, ఎందుకు పెట్టారో కూడా రాయండి.

మీరు వెళ్లే చోటి నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోగలిగితే సగం పని అయినట్టే. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం సంగతే తీసుకోండి. నాయక రాజుల కాలంలోనూ తర్వాత మరాఠా రాజుల కాలంలోనూ ఆ ఆస్థానంలో తెలుగు ఎంత వెలిగిందో మనందరం చెబుతాం, ఆ తాళపత్రాలు, కాగితపు ప్రతులు ఉన్నది అక్కడే. కానీ వెళ్లగానే తాళపత్రం తీసి చేతిలో పెట్టరు. ఏ ప్రతి కావాలో కేటలాగ్ చూసి నంబరుతో సహా రాసి, కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ముందుగా పంపించాలి. వాళ్ల నుంచి “రావచ్చు” అని రెండు లైన్ల జవాబు వస్తే దాన్ని దరఖాస్తుకు జతచేయండి.

బడ్జెట్

గుండ్రటి అంకెలు వేయకండి. నేను అడిగింది 18,600 రూపాయలు. ఇరవై వేలని రాయొచ్చు, కానీ 18,600 అంటే కూర్చుని లెక్కేశారని తెలుస్తుంది. రైలు ఏది, ఏ క్లాసు, ఎన్ని రాత్రులు బస, లోకల్ ఆటో రోజుకెంత, మ్యూజియం టికెట్లు, ఫోటో ఫీజు, జిరాక్సులు, ప్రింట్లు. విజయవాడ నుంచి చెన్నైకి పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాం, ఒక రాత్రి బస మిగులుతుంది, అది కూడా రాశాను. చెన్నై నుంచి తంజావూరుకు ఎగ్మూరులో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున దిగొచ్చు. ఇలా రాత్రి ప్రయాణంతో బస ఖర్చు తగ్గించిన లెక్క చూస్తే చదివేవాళ్లకు మన మీద గౌరవం పెరుగుతుంది.

విమానం ఉంటే జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ నిధులతో విమానం ఎక్కేటప్పుడు టికెట్ అనుమతి ఉన్న మూడు ఏజెన్సీల ద్వారానే కొనాలని నియమం: బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ. తక్కువకు దొరికిందని వేరే యాప్‌లో కొంటే బిల్లు ఆగిపోవచ్చు. బోర్డింగ్ పాస్ పారేయొద్దు, ఫోన్‌లో ఉన్నా ఒక ప్రింటు తీసి పెట్టుకోండి. ఇంకొకటి, ఎల్టీసీనీ (ఉద్యోగులకు సెలవు ప్రయాణానికిచ్చే రాయితీ) గ్రాంటునూ కలపకండి. ఒకే ప్రయాణానికి రెండు చోట్ల క్లెయిమ్ చేస్తే ఆడిట్‌లో పట్టుబడతారు, ఆ మచ్చ సర్వీసంతా ఉంటుంది. కుటుంబం వెంట వస్తామంటే రానివ్వండి, వాళ్ల టికెట్లు వేరే పీఎన్ఆర్ మీద, మీ డబ్బుతో తీయండి.

కాలేజీ లోపలి పని

నిజం చెప్పాలంటే గ్రాంటు తెచ్చుకోవడం కన్నా మన ఫైలు కదిలించడమే ఎక్కువ రోజులు పడుతుంది. దరఖాస్తు త్రూ ప్రాపర్ ఛానెల్, అంటే నేరుగా కాకుండా కాలేజీ ద్వారా వెళ్లాలి. చివరి తేదీ దగ్గరపడితే అడ్వాన్స్ కాపీ నేరుగా పంపి, ఫార్వర్డ్ చేసిన కాపీ తర్వాత వస్తుందని అందులో రాయండి. ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటర్, ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రెండూ మీరే డ్రాఫ్ట్ చేసి ఇవ్వండి. వాళ్లకున్న పనుల్లో ఖాళీ కాగితం ఇచ్చి రాయమంటే వారం పోతుంది. ఆఫీసు సూపరింటెండెంట్‌కు విషయం కూర్చుని వివరంగా చెప్పండి, ఎందుకంటే డబ్బు కాలేజీ అకౌంట్‌కు వస్తే దాన్ని విడిగా చూపించాల్సింది ఆయనే, చివర్లో లెక్క చెప్పాల్సిందీ ఆయనే.

గవర్నమెంట్ కాలేజీ వాళ్లకు ఓడీ (ఆన్ డ్యూటీ) కావాలా, సెలవు పెట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. పని దినాల్లో వెళ్తే కాలేజీ విద్య కమిషనరేట్ దాకా ఫైలు వెళ్లి ప్రొసీడింగ్స్ రావాలి, సెమిస్టర్ పరీక్షల డ్యూటీ తేదీలతో తగలకుండా చూసుకోవాలి. నేను సంక్రాంతి సెలవులకు ముందు వెనక రెండు రోజులు కలిపి అడిగాను, ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయింది. విదేశానికైతే ప్రభుత్వ అనుమతి విడిగా కావాలి. పాస్‌పోర్టు లేకపోతే ఆ పని ఈరోజే మొదలుపెట్టండి, గ్రాంటు వచ్చాక పాస్‌పోర్టు కోసం తిరుగుతూ తేదీ పోగొట్టుకున్న ఒక సహోద్యోగిని చూశాను. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన అవకాశం అది.

ఎయిడెడ్, ప్రైవేటు కాలేజీల్లో చేసేవాళ్లకు మేనేజ్‌మెంట్ సంతకం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ పరిశీలనలో అధ్యాపకులు బయటి నుంచి తెచ్చిన గ్రాంట్లు చూపించుకోవచ్చని వాళ్లకు చెప్పండి. కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ కోఆర్డినేటర్‌ను వెంటబెట్టుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది. గెస్ట్ లెక్చరర్లకు చాలా పథకాల్లో దారి దొరకదు, ఇది నాకు బాధ కలిగించే సంగతి, ఎక్కువ క్లాసులు చెప్పేది వాళ్లే. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం పరిశోధక విద్యార్థిగా యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ ద్వారా వెళ్లొచ్చు.

అక్కడికి వెళ్లాక

మొదటి రోజు కెమెరా బయటికి తీయకండి. ఊరికే తిరగండి, చూడండి, ఎక్కడ వెలుతురు ఎప్పుడు పడుతుందో గమనించండి. కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) స్థలాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి, చేతి కెమెరాకు, ఫోన్‌కు మామూలుగా అడ్డు చెప్పరు. మ్యూజియంలలో నియమాలు వేరు, టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి. కొలిచే టేపు తీసుకెళ్తే ముందు క్యూరేటర్‌కు చూపించి, రాయిని ముట్టుకోకుండా కొలుస్తానని చెప్పండి. నాకు ఎగ్మూరులో అటెండర్ ఒకాయన స్టూలు తెచ్చి వేశారు, మూడు రోజులు అదే స్టూలు మీద కూర్చున్నాను.

అక్కడ బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాలాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ముందు ఒక పూటంతా గడిపాను. పుస్తకంలో అది అరచేతంత ఉంటుంది. ఎదురుగా కూర్చుంటే, ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు ఉందని మెల్లగా తెలుస్తుంది. ఒక పక్క మదమెక్కి మనుషుల్ని తొక్కేస్తోంది, పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద కూలబడి ఉంది. పై కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, ఒకామె భయంతో పక్కవాణ్ని పట్టుకుంది. ఎడమ నుంచి కుడికి కళ్లు కదిపితే కథ నడుస్తుంది. ప్రదక్షిణం చేసే మనిషి ఏ వైపు నుంచి వచ్చేవాడో, ఏది ముందు చూసేవాడో అన్న ప్రశ్న నాకు ఆ స్టూలు మీద పుట్టింది, ఇప్పుడు ఆ పాఠం దానితోనే మొదలవుతుంది. రాయి కూడా పాలరాయి కాదు, మన పలనాటి సున్నపురాయి. పాత ఇంగ్లిష్ రాతల్లో “అమరావతి మార్బుల్స్” అని ఉండటంతో క్లాసులో నేనూ ఏళ్ల తరబడి పాలరాయి అనే చెప్పాను. దగ్గర నుంచి దాని లేత బూడిద, ఆకుపచ్చ రంగు చూశాక ఆ తప్పు మానేశాను.

ప్రతి రాత్రి, ఎంత అలసిపోయినా, ఒక పేజీ రాసి పడుకోండి. ఏ గదిలో ఏది, దాని నంబరు, ఏం కొత్తగా కనిపించింది. ఫోటోల ఫైలు పేర్లు అదే రాత్రి మార్చేయండి, ఇంటికొచ్చాక నాలుగొందల ఫోటోల్లో ఏది ఏదో పోల్చుకోలేం. టికెట్లు, రసీదులు ఒకే కవరులో వేసుకోండి. థర్మల్ కాగితం రసీదులు నెలలో చెరిగిపోతాయి, వెంటనే ఫోటో తీసి జిరాక్స్ చేయించండి. ఆటోవాళ్లు రసీదు ఇవ్వరు కాబట్టి తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని ఒక కాగితం మీద రాసుకుని సంతకం పెట్టండి, చిన్న మొత్తాలకు మామూలుగా ఒప్పుకుంటారు. ఎంత దాకా ఒప్పుకుంటారో మంజూరు ఉత్తరంలో చూసుకోండి.

తిరిగొచ్చాక

యుటిలైజేషన్ సర్టిఫికెట్, మనం యూసీ అనేది, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం, చాలా కేంద్ర సంస్థలకు జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) 12ఎ నమూనాలో ఇవ్వాలి. ప్రిన్సిపాల్ సంతకం తప్పనిసరి, అడిగితే చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం కూడా చేయించాలి. డబ్బు మిగిలితే తిరిగి కట్టేయండి. నాకు 1,150 రూపాయలు మిగిలింది, దాన్ని వెనక్కి పంపి రసీదు జతచేశాను. యూసీ పెండింగ్‌లో ఉంటే మీకే కాదు, కొన్నిసార్లు మీ కాలేజీలో మరొకరి దరఖాస్తుకూ అది అడ్డం పడుతుంది, కాబట్టి వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.

రిపోర్టులో ఏం చూశారో మొత్తం రాయక్కర్లేదు. మీరు అడిగిన ప్రశ్నకు ఎంత దాకా జవాబు దొరికింది, ఎక్కడ ఆగింది, అనుకోనిది ఏం కనిపించింది అన్నవి రాయండి. నా ప్రాకారం బొమ్మలో పెద్ద ఖాళీలు ఉండిపోయాయి, ఆ ఖాళీలు నిండాలంటే లండన్ పలకలు కూడా కావాలని నిజాయితీగా రాశాను. తర్వాతి దరఖాస్తుకు అదే మొదటి పేరా అయింది.

తయారుచేసిన తెలుగు వివరణల కాపీ ఒకటి మీరు వెళ్లిన మ్యూజియానికి పంపండి, మీకు సాయం చేసినవాళ్లకు పేరుపేరునా ఒక ఉత్తరం రాయండి. నేను పేర్చిన బొమ్మను పెద్ద ఫ్లెక్సీ మీద ప్రింట్ చేయించి క్లాసు గోడకు కట్టాను. ఉన్న రాయి ఉన్నచోట ఫోటో, లేనిచోట తెల్లటి ఖాళీ, ప్రతి ఫోటో కింద అది ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో రాసి ఉంది. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి అప్పటికి థర్డియర్‌లో ఉంది. మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఒక్కతే వెళ్లి, ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఊరు పేరూ చదువుకుంటూ కుడి చివర దాకా నడిచింది.